సదుద్దేశంతో ఇచ్చిన పేరు

ఆ గదిలో ఉన్నవి ఇవి. రెండు కంప్యూటర్లు, అందులో ఒకదానికి ఇంటర్నెట్ లేదు. ఒక ల్యాండ్‌లైన్ ఫోను. కాగితాలను ముక్కలు చేసే యంత్రం. ఎవరెంత మొత్తుకున్నా చలి తగ్గించని ఏసీ. "మొబైల్ ఫోన్లు బయటే" అని ఇంగ్లీషులోనూ బెంగాలీలోనూ రాసి అంటించిన కాగితం. కార్డు గీస్తేనే తెరుచుకునే తలుపు. ఆ కార్డు నలుగురికే ఉంది. ఆ మధ్యాహ్నం ఒకరు సెలవులో ఉన్నారు, ఒకరు మీటింగులో ఉన్నారు, మా సీనియర్ శుభో దా, అంటే శుభో అన్న, కింద ఫుట్‌పాత్ హోటల్లో భోంచేస్తున్నాడు. నాలుగోవాణ్ణి నేను. నా ముందున్న స్క్రీన్ మీద మా నాన్న పేరు ఉంది.

ఇంకెవరూ లేరు. అందుకే అక్కడ జరిగింది నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. ఐదేళ్ళుగా చెప్పలేదు. ఈ ఐదేళ్ళూ దీన్ని మోస్తున్నాను అని రాయబోయాను. రాసి కొట్టేశాను. మోస్తున్నాను అంటే నేనేదో కష్టపడుతున్నట్టు ఉంటుంది. నేను పెద్దగా కష్టపడలేదు. జీతం పెరిగింది. రాత్రిళ్ళు నిద్ర పడుతూనే ఉంది. ఆఫీసు బస్సులో వంతెన దాటుతున్నప్పుడు మాత్రం, రోజూ దాదాపు అదే చోట, ఆ గది గుర్తొస్తుంది. అక్కడ జరిగింది మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. ఇద్దరికీ అదే మంచిది.

నా పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక ఫోన్ కంపెనీలో చేస్తున్నాను. పోలీసులో, మరో ప్రభుత్వ శాఖో ఫలానా నంబరు ఎవరిది, ఎవరితో మాట్లాడింది, ఎక్కడుంది అని అడుగుతారు. ఆ అడగడం పద్ధతి ప్రకారం ఉందో లేదో చూసి, ఉంటేనే వివరాలు పంపడం మా విభాగం పని. పద్ధతి అంటే పెద్ద విషయం కాదు. తగిన హోదా ఉన్న అధికారి సంతకంతో ఉత్తర్వు, అది రావలసిన మెయిల్ నుంచే రావడం, అందులో ఏది అడిగారో అదే ఇవ్వడం. అంతే. స్కూలు పిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది.

కానీ మా గదిలో అలవాటు వేరు. ముందు ఫోన్ వస్తుంది. అవతలి గొంతు తెలిసిన గొంతే. "దాదా, అర్జెంటు, కాగితం సాయంత్రానికి వస్తుంది" అంటుంది. మేం ఇచ్చేస్తాం. కాగితం వస్తుంది. ఒక్కోసారి మర్నాడు వస్తుంది. ఒక్కోసారి అడిగించుకుని వస్తుంది. శుభో దా దీన్ని ఇచ్చిపుచ్చుకోవడం అనేవాడు. చేరిన కొత్తల్లో నాకిది తప్పుగా తోచింది. తర్వాత తోచడం మానేసింది. ఎప్పుడు మానేసిందో గుర్తు లేదు. అదే నా మీద నాకు మొదటి చిరాకు. తప్పు మొదలైన రోజు మనిషికి గుర్తుండాలి కదా?

ఇక మా పాడా, అంటే మా పేట సంగతి. మాది టికియాపారా దగ్గర మునిసిపాలిటీ కార్మికుల లైను. మా తాత శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి ఇక్కడ కాలువలు తీసే పనిలో చేరాడు. మా నాన్న మునిసిపాలిటీ పంపుహౌసులో పర్మినెంటు ఉద్యోగి. లైనులో అటువంటివాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు, ముఖ్యంగా పెళ్ళై పలాస వైపు నుంచో, టెక్కలి వైపు నుంచో వచ్చిన ఆడవాళ్ళు, కాంట్రాక్టరు కింద వీధులు ఊడుస్తారు. వాళ్ళ కాగితాలన్నీ ఊళ్ళో ఉంటాయి. ఉన్నా, ఒకదానిలో తండ్రి ఇంటిపేరు, ఇంకోదానిలో మొగుడి ఇంటిపేరు. ఆ కాగితాలతో సిమ్ము తీసుకోవాలంటే నాలుగుసార్లు తిరగాలి, తిరిగిన రోజల్లా కూలి పోతుంది.

దానికి మా లైనులో ఒక మార్గం ఉండేది. దాన్ని ఏలివ్వడం అనేవాళ్ళు. వేలు ఇవ్వడం. కొత్తగా ఎవరికైనా సిమ్ము కావాలంటే మా నాన్నో, ఇంకో పర్మినెంటు మనిషో వీధి చివర కామేశు రీఛార్జి షాపుకు వెళ్ళి, వేలిముద్ర యంత్రం మీద తన వేలు పెట్టి, తన పేరు మీద సిమ్ము తీసి ఇచ్చేవాళ్ళు. పెద్ద గిన్నె అరువిచ్చినట్టే. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. నాన్న సాయంత్రం చొక్కా వేసుకుంటుంటే అమ్మ "ఎక్కడికి?" అనేది, ఆయన "ఫలానావోలికి ఏలిచ్చొస్తాను" అనేవాడు. కాలేజీ రోజుల్లో నేను కూడా ఆయనతో వెళ్ళి కామేశుకు ఫారాలు నింపిపెట్టేవాణ్ణి. ఏ నంబరు ఎవరి చేతిలో ఉందో మా ముగ్గురికీ తెలుసు. నాన్నకి, కామేశుకి, నాకు.

పైడమ్మ పిన్ని సిమ్ము అలా వచ్చిందే.

చుట్టరికంలో ఆమె మాకు ఏమీ కాదు. లైనులో అందరూ అంతే, పిన్ని, మావ, బావ. ఆమె చీపురు పట్టి ఎన్నో ఏళ్ళయింది, ఎప్పుడూ కాంట్రాక్టు కిందే. మొగుడు లేడు. పంపుహౌసు వెనకాల ఒక గది. మూడు భాషల్లో తిట్టగలదు, మూడు భాషల్లో నవ్వించగలదు. ఆ ఏడు ఆమె ఊడ్చే ఆడవాళ్ళందరినీ కూడగట్టింది. పర్మినెంట్ చేస్తారా చెయ్యరా అని అడగడానికి, తెల్లవారుజామున చెత్త బళ్ళు బయల్దేరే గేటు ముందు అందరూ కూర్చోవాలని అనుకున్నారు. పెద్ద ఆఫీసరు వచ్చి మాట్లాడేదాకా బండి కదలకూడదు. పోస్టర్లు అంటించారు. పోస్టరు మీద పేరు లేదు, ఒక నంబరు ఉంది. పేరు తెలిస్తే కాంట్రాక్టరు ఆమెను ముందే తీసేస్తాడు. తీసేస్తే పర్మినెంటు మాట ఇక ఆమెకు ఉండదు. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే: చచ్చేలోపు మునిసిపాలిటీ మనిషి అనిపించుకోవడం.

ఆ నంబరు ఎవరిదని అడుగుతూ మా గదిలో ఫోను మోగింది.

తెలిసిన గొంతే. ఎప్పటి మాటలే. రేపు పొద్దున ఏదో గొడవ ఉంది, ఈ నంబరు ఎవరిదో కావాలి, కాగితం సాయంత్రానికి వస్తుంది. నంబరు కొట్టాను. మా నాన్న పేరు, మా ఇంటి అడ్రసు వచ్చాయి. అప్పటికింకా ఆ నంబరు ఎవరి దగ్గరుందో నాకు స్ఫురించలేదు. నాన్న పేరు చూడగానే తల మొద్దుబారింది. ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. విచారణ ఏదైనా నడుస్తుంటే పింఛను ఆగిపోతుందని ఆయన పదేపదే అనేవాడు, లైనులో మా పక్క గదిలో ఎవరికో అలా ఆగింది కూడా. పోలీసు జీపు మా గుమ్మం ముందు ఆగడం కళ్ళకు కట్టింది. కింద చివరి నాలుగు అంకెలు మళ్ళీ చూశాను. అప్పుడు తెలిసింది.

ఇక్కడ నేను చెయ్యగలిగింది ఒకటుంది. దాని గురించే ఐదేళ్ళుగా ఎక్కువగా ఆలోచిస్తున్నాను. "ఉత్తర్వు పంపండి, చూసి చెప్తాం" అని ఫోను పెట్టెయ్యొచ్చు. అది నియమం. అది నా ఉద్యోగం. అలా అన్నందుకు నన్నెవరూ తప్పు పట్టలేరు. ఆ ఉత్తర్వు సాయంత్రానికి వచ్చేదో, మర్నాటికి వచ్చేదో. రేపు పొద్దున గేటు ముందు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు, ఆఫీసరు వచ్చి మాట్లాడేవాడు, లేదా మాట్లాడేవాడు కాదు. పిన్ని మాత్రం అక్కడ ఉండేది. దీనికి ధైర్యం అక్కర్లేదు. ఎవరినీ ఎదిరించనక్కర్లేదు. సరైన గుమాస్తాగా ఉంటే చాలు. నేను గుమాస్తాగా కూడా పనికిరాలేదు.

నేను ఏమన్నానంటే, ఈ సిమ్ము పేరున్నాయన ముసలాయన, మునిసిపాలిటీ ఉద్యోగి, ఆయనకు దీనితో సంబంధం లేదు, వాడుతున్నది పైడమ్మ అనే కాంట్రాక్టు కార్మికురాలు, పంపుహౌసు వెనక గదిలో ఉంటుంది. బెంగాలీలో చెప్పాను, తడబడకుండా చెప్పాను. నీకెలా తెలుసని ఆ గొంతు అడిగింది. సిస్టంలో కనిపిస్తోంది అన్నాను. సిస్టంలో అలాంటిదేమీ లేదు. ఏ యంత్రంలోనూ ఆమె పేరు లేదు. కామేశు కౌంటర్ దగ్గర నిలబడి ఫారాలు నింపిన కుర్రాడి తలలో ఉంది. నా తలలో ఉన్నదాన్ని కంపెనీ సమాచారంగా మార్చి ఇచ్చాను. గొంతు థాంక్స్ చెప్పింది. శుభో దా పళ్ళు కుట్టుకుంటూ పైకొచ్చాడు. నేను కింద చేపల కూర బాగుందా అని అడిగాను.

ఉత్తర్వు ఆ రాత్రెప్పుడో వచ్చింది. అందులో నంబరు యజమాని వివరాలు, కాల్ రికార్డులు అడిగారు. పద్ధతిగా మా నాన్న పేరు, కాల్ రికార్డులు వెళ్ళాయి. పైడమ్మ అన్న పేరు ఎక్కడా లేదు. రికార్డు ప్రకారం ఏ తప్పూ జరగలేదు.

మర్నాడు తెల్లవారకముందే జీపు పంపుహౌసు వెనక్కు వెళ్ళింది. సాయంత్రం దాకా ఆమెను పోలీసు థానాలో కూర్చోబెట్టి, ఏ కేసూ పెట్టకుండా పంపేశారు. గేటు ముందుకు వచ్చిన ఆడవాళ్ళు కాసేపు ఆమె కోసం చూశారు. జీపు సంగతి తెలిసింది. ఒక్కొక్కరే లేచి చీపుర్లు తీసుకున్నారు. వాళ్ళను నేను ఏమీ అనలేను. వారం తిరక్కముందే, పోలీసు గొడవ ఉన్న మనిషి వద్దని కాంట్రాక్టరు పిన్నిని తీసేశాడు.

ఆ తర్వాత నెలా రెండు నెలలకు, ఒక ఆదివారం, ఆమె మా ఇంటికి వచ్చింది. నేను ల్యాప్‌టాప్ ముందున్నాను. నాన్న టీవీ చూస్తున్నాడు. అప్పుడు జరిగిన మాటలు నాకు మాట మాటా గుర్తున్నాయి, అందుకే ఉన్నవున్నట్టు రాస్తాను.

"ఏటి బావూ, ఆదోరం కూడా ఆ పెట్టె ముందరే కూకున్నావా? కళ్ళు పోతాయి."

"రా పిన్నీ, కూర్చో."

"కూకోడానికి రాలేదు. ఒకటడగాల. వకీలు బాబు కాడికెల్లినాను. పోలీసోల మీద కావాలంటే అర్జీ ఎడదాం గాని, ఫోను కంపినీ మీద కేసు నిలబడదన్నాడు. ఎందుకు నిలబడదో ఇంగ్లీసులో సెప్పినాడు, బెంగాలీలో సెప్పినాడు. నాకేటీ ఎక్కలేదు. నువ్వా కంపినీయే గదా. తెలుగులో సెప్పు."

"చట్టంలో అలా ఉంది పిన్నీ. సర్కారు అడిగితే కంపెనీ ఇవ్వాలి. మంచి ఉద్దేశంతో ఇస్తే, ఆ ఇచ్చినవాళ్ళ మీద దావా వెయ్యకూడదు."

"ఎవుల మంచికి?"

నాన్న టీవీ సౌండు తగ్గించాడు.

"నా మంచికా? నా పెళ్ళికి కూడా జీబెక్కలేదు నాను, రిక్షాలో తెచ్చినారు. ఈలు జీబెక్కించినారు. పొద్దుగూకులా కూకోబెట్టి ఒక్క టీ సుక్క పొయ్యలేదు. సాయంత్రం కేసేటీ లేదు పో అన్నారు. ఇదేటి మంచి?"

"టీ నేను పోస్తాను, ఉండవే" అంది అమ్మ వంటింట్లోంచి.

"నీ టీలో పంచదార ఉండదక్కా. థానావోలే నయం." తనే నవ్వింది. నవ్వి, నా ముందు నేల మీద కూర్చుంది. "సరే, అదొగ్గీ. ఇంకోటి సెప్పు. ఆ సిమ్ము ఎవుల పేరునుంది? మీ నాన్న పేరున. అప్పుడు జీబు ముందర ఎక్కడికి రావాల? ఈ గుమ్మంలోకి రావాల. మీ నాన్ననడగాల. ఆయన నా పేరు సెప్తే అప్పుడు నా కాడికి రావాల. మరి మీ గుమ్మం తొక్కకుండా తిన్నగా నా గదికెలాగొచ్చినారు?"

"టవర్లు ఉంటాయి పిన్నీ. ఫోను ఎక్కడుందో టవరుకు తెలుస్తుంది. సిస్టంలో అన్నీ..."

"టవరుకి నా పేరు కూడా తెలుసేటి? గుమ్మం కాడ నిలబడి 'పైడమ్మా, బాహర్ ఆవో' అని పేరెట్టి పిలిచినాడు."

నేను ల్యాప్‌టాప్ మూశాను. మూసి మళ్ళీ తెరిచాను.

నాన్న అన్నాడు: "కామేశే అయ్యుంటాడు. ఏ సిమ్ము ఎవులికిచ్చినామో నాకు తెలుసు, ఆడికి తెలుసు. నాను సెప్పలేదు."

"ఓలమ్మ, కామేశా? ఆడికి నానేటి సేసినాను?"

"షాపు లైసెన్సు పోతాదని భయపెడితే సెప్పీసినాడేటి?"

ఆమె నాన్న వైపు చూడలేదు. నా వైపు చూసింది. "నువ్వేటంతావు బావూ? సదూకున్నోడివి. అలగయ్యుంతాదా?"

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఆఫీసు గదిలో ఫోనులో చెప్పింది భయంతో చెప్పాను, మా నాన్న కోసం చెప్పాను, ఆలోచించుకునే వ్యవధి లేదు. నన్ను నేను సమర్థించుకోవాలంటే అక్కడ ఏవో రెండు మాటలు దొరుకుతాయి. ఈ "అయ్యుండొచ్చు"కు ఏ మాటా దొరకదు. వ్యవధి కావలసినంత ఉంది. నన్నెవరూ భయపెట్టలేదు. అమ్మ టీ తెచ్చింది, పిన్ని తాగి పంచదార లేదని మళ్ళీ అంది. ఆ టీ అయ్యేదాకా నోరు విప్పడానికి నాకు వీలుంది. విప్పలేదు.

కామేశు షాపుకు వెళ్ళడం లైను మానేసింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. రీఛార్జికి రెండు వీధులు దాటి వెళ్ళేవాళ్ళు, అంతే. అతను మా నాన్నను పట్టుకుని, బావా నీకు తెలుసు గదా, నాను అలాంటోడినేటి అని అడిగాడట. నాన్న తల దించుకుని వచ్చేశాడట. కొన్నాళ్ళకు షాపు ఎత్తేసి ఖరగ్‌పూర్‌లో అత్తవారి వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నన్ను కలిశాడు. పోలీసులకి సిస్టంలో తెలుస్తుందని నువ్వైనా లైనులో చెప్పొచ్చు కదరా అన్నాడు. చెప్తానన్నాను. చెప్పలేదు. సిస్టంలో తెలియదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు చట్టం గురించి. ఇది రాస్తుంటేనే పళ్ళు నూరుకుంటున్నాను.

పిన్ని తరపు వకీలు నిజంగానే మా కంపెనీకి ఒక ఫిర్యాదు పంపాడు. దానికి జవాబు చిత్తుప్రతి తయారుచెయ్యమని మా గదికే వచ్చింది. శుభో దా నాకిచ్చాడు, నా ఇంగ్లీషు బాగుంటుందని. నేను రాశాను. కంపెనీ చట్టబద్ధమైన ఉత్తర్వు మేరకు, అందులో అడిగిన సమాచారం మాత్రమే, సదుద్దేశంతో ఇచ్చింది, కనుక ఏ బాధ్యతా లేదు. ఒక్క అక్షరం కూడా రికార్డుకు విరుద్ధంగా లేదు. మెచ్చుకున్నారు కూడా. ఇలాంటి జవాబులకు అప్పట్నుంచి అదే నమూనా.

ఒకరోజు మా న్యాయ విభాగంలో పెద్దావిడను, ఊరికే అడుగుతున్నట్టు అడిగాను. ఉద్యోగి ఎవరైనా అడిగినదానికంటే ఎక్కువ చెప్పేస్తే ఏమిటి అని. సదుద్దేశంతో చెప్తే రక్షణ ఉంటుంది అంది. సదుద్దేశమో కాదో ఎవరు తేలుస్తారు అన్నాను. ఎవరైనా కోర్టుకు వెళ్ళి రుజువు చేస్తే కోర్టు తేలుస్తుంది, కానీ ఏం ఇచ్చామో, ఎవరికి ఇచ్చామో రహస్యం కాబట్టి రుజువు చేసేవాళ్ళు ఉండరు అంది. మరి ఆ ఉద్యోగే ఒప్పుకుంటే? ఆవిడ అప్పుడు కళ్ళద్దాలు తీసి నన్ను పరీక్షగా చూసింది. ఒప్పుకుంటే రహస్యం బయటపెట్టినట్టు, దానికి శిక్ష ఉంది, ఉద్యోగం కూడా పోతుంది అంది.

ఇది రెండుసార్లు చదవండి. చేసినదానికి శిక్ష లేదు. చెప్పినదానికి ఉంది.

నేను చదివినదాంట్లో పిడుగు నుంచి టవరును కాపాడే కడ్డీ గురించి ఒక పాఠం ఉంది. కడ్డీ పిడుగును మాయం చెయ్యదు. టవరులోంచి పోనివ్వకుండా నేలలోకి దింపుతుంది. చట్టం మా కంపెనీకి అటువంటి కడ్డీ ఇచ్చింది. కంపెనీలన్నిటికీ ఇచ్చింది. ఇవ్వకపోతే రోజుకో కేసు పడుతుంది, ఏ కంపెనీ సర్కారుకు సాయం చెయ్యదు, నిజమైన నేరస్థులు తప్పించుకుంటారు. ఈ వాదన నాకు తెలుసు. ఇది తప్పని కూడా అనలేను. పిల్లల్ని ఎత్తుకుపోయినవాళ్ళను మా గది నుంచి వెళ్ళిన వివరాలతో పట్టుకున్నారు, ఆరోజు మేమంతా సంతోషించాం. కానీ ఈ కడ్డీ వేసినవాళ్ళు అది ఎక్కడి నేలలో దిగుతుందో చూసుకోలేదు. మా విషయంలో అది పంపుహౌసు వెనకాల దిగింది. మిగిలింది వీధి చివర షాపులో దిగింది. టవరు మీద గీత కూడా పడలేదు. నా మీద కూడా.

ఒకప్పుడు చట్టాన్ని తిట్టుకుంటే హాయిగా ఉండేది. ఇప్పుడు ఆ హాయి కూడా లేదు. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, ఆ రోజు ఫోనెత్తినప్పుడు నాకు చట్టంలో ఆ సెక్షన్ ఉందని తెలుసు. ట్రైనింగులో చెప్పారు. మీకేమీ కాదు, మీ వెనక రక్షణ ఉంది అన్నారు. అది లేకపోతే, రేపు నన్ను బోనులో నిలబెడతారని తెలిస్తే, నేను ఉత్తర్వు అడిగి ఉండేవాణ్ణా? అడిగేవాణ్ణనే అనుకుంటాను. భయం ఉంటే నియమం గుర్తొచ్చేది. భయం లేదు కాబట్టి మా నాన్న ఒక్కడే గుర్తొచ్చాడు. మరి సెక్షన్‌దా తప్పు, నాదా? ఈ ప్రశ్న వేసుకోవడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమే. అది నాకు తెలుసు. తెలిసీ వేసుకుంటున్నాను.

నాన్న పూర్తి పింఛనుతో రిటైరయ్యాడు. ఆయనకు ఇప్పటికీ ఏమీ తెలియదు. కామేశు మాట వస్తే, "ఆడు మంచోడే అనుకున్నాను" అంటాడు. పిన్ని భవానీపూర్‌లో మూడిళ్ళలో గిన్నెలు తోముతోంది. పొద్దున్నే నేను ఆఫీసు బస్సు కోసం నిలబడే చోటే ఆమె బస్సు కోసం నిలబడుతుంది. సీటు దొరికితే చెయ్యి ఊపుతుంది. పాడాలో చదువుకున్న పిల్లల మాట వస్తే నన్ను చూపిస్తుంది. అడిగితే ఓపిగ్గా చట్టం చెప్పినాడు, మా బావు, అంటుంది.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పేస్తాను. మా ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్ళు లేరు. మా లైనులో నా వయసువాళ్ళకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. నాకు అమ్మ నేర్పింది కాబట్టి వచ్చింది. నాన్నకు, కామేశుకు తెలుగు చదవడం రాదు. పిన్నికి ఏ భాషా చదవడం రాదు. అంటే, ఎవరికి చెప్పాలో వాళ్ళెవరూ చదవలేని చోట చెప్తున్నాను. పేరు రాయడం లేదు. చాలా వివరాలు మార్చాను. ఇది కూడా దాక్కోవడమే. మీరు ఆ మాట అనేలోపు నేనే అంటున్నాను.

అయినా చెప్పాను. నేను, నా నోటితో, వాళ్ళ దగ్గర లేని పేరు వాళ్ళకిచ్చాను. కామేశు కాదు. నేను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది, రాసిన తర్వాత ఊపిరి కొంచెం కిందిదాకా వెళ్తోంది. అది నాకు దక్కవలసింది కాదు. దక్కింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అది ఎవరి చేతిలో ఉందో ఆమె దగ్గరికి వెళ్తానో లేదో ఇవాళ చెప్పలేను. వెళ్తానని రాస్తే మీరు నన్ను కొంచెం మంచివాడనుకుంటారు. అందుకే రాయడం లేదు.

ఇంకొక్క విషయం ఉంది. పిన్ని మొదలుపెట్టిన పనిని ఆ ఆడవాళ్ళు వదల్లేదు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ గేటు ముందు కూర్చున్నారు, ఆ తర్వాత మళ్ళీ కూర్చున్నారు. ఈ ఏడు మునిసిపాలిటీ ఒప్పుకుంది. కాంట్రాక్టరు పుస్తకంలో పేరున్నవాళ్ళనే తీసుకున్నారు, పైడమ్మ పిన్ని పేరు అందులో లేదు. ఆ సాయంత్రం లైనులో మిఠాయి పంచిన వాళ్ళలో ఆమె కూడా ఉంది, మా ఇంటికీ తెచ్చింది, నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. పర్మినెంట్ అయినవాళ్ళు ఇరవై ముగ్గురు.